మా కోడలు ఫోనుకు పురుగును చూపించిన కథ

అనగనగా ఒక ఊళ్ళో ఒక అత్త, ఒక కోడలు, వాళ్ళిద్దరి మధ్యన నలభై వేల పట్టుపురుగులు.

ఊరు మన మిట్టూరే. అత్తను నేనే. కోడలు మీ హేమత్త. దాచిపెట్టి చివర్లో చెప్పేదేమీ లేదు, ముందే చెప్పేస్తున్నా. రాజు కావాలా కీర్తనా? ఈ కథలో రాజు లేడమ్మా. రాజులు కట్టుకునే పట్టుంది. దయ్యం కంటే చెడ్డ రోగం ఉంది. తెలివైన కోడలుంది, మొండి అత్త ఉంది. వీళ్ళతో సర్దుకో ఈ పూటకు.

లిఖితా, అన్నం తినేటప్పుడు నువ్వేమడిగినావు? ఫోనుకు ఏ పువ్వు చూపించినా పేరు చెప్తుందే, లోపల ఎవరన్నా కూర్చోనుంటారా అవ్వా, అని కదా. మీ అమ్మేమో ఏఐ అని రెండక్షరాలు చెప్పి, చారు పోసి ఊరుకుంది. ఆ రెండక్షరాల లోపల ఏముంటుందో నేను చూసినాను. మన వాకిట్లో, ఈ కండ్లతోనే చూసినాను. కాబట్టి ఆ కథే చెప్తా. ఊ కొట్టాలి మరి. ఊ ఆగితే కథ ఆగుతుంది.

హేమ ఈ ఇంటికి వచ్చినప్పుడు పట్టుపురుగంటే ఏందో తెలీదు. వాళ్ళది టమోటాలు పండించే ఇల్లు. పెళ్ళయిన నాలుగో రోజు పురుగుల షెడ్డులోకి తీసకపోయినా. వెదురు తట్టల్లో తెల్లగా, మెత్తగా, వేలెడంత వేలెడంత పురుగులు, తట్ట మీద తట్ట, గోడంతా తట్టలే. ఆ పిల్ల కండ్లు మూసుకుని మీ మామ చొక్కా పట్టుకుంది. నేను నవ్వలేదు. నా మనసులో అనుకున్నా, ఈ పిల్ల ఈ ఇంట్లో పనికి రాదులే అని. అట్లా అనుకున్నదాన్ని నేనే. ఊ కొడుతున్నారా?

సరే. పట్టుపురుగుకు పాలరోగమని ఒక రోగం వస్తుంది. ఒంటి మీద గణుపులు గణుపులుగా ఉబ్బుతుంది, చర్మం నూనె పూసినట్టు మెరుస్తుంది, ఒకచోట కుదురుగా ఉండదు, తట్ట అంచుకు పాక్కుంటా వచ్చి తిరుగుతానే ఉంటుంది. కొంచెం గీరుకుంటే చాలు, పాల మాదిరి కారుతుంది. ఆ పాలు ఆకు మీద పడతాయి, ఆ ఆకు పక్క పురుగు తింటుంది, దానికీ రోగమే. ఒకటికి వస్తే పదికి, పదికి వస్తే తట్టకు, తట్టకు వస్తే షెడ్డుకు. నాలుగు రోజుల్లో నెల రోజుల కష్టం గుంతలోకి పోతుంది. అందుకే మొదటి పురుగును మొదటి రోజే పట్టుకోవాలి. అది పట్టే కన్ను ఈ ఊళ్ళో నాకే ఉండేది. గొప్ప చెప్పుకుంటున్నా అనుకోవద్దు. గొప్పే, చెప్పుకుంటున్నా.

మీ హేమత్తకు ఎట్లా నేర్పించినా? ఏం చెప్పలేదు. పక్కన నిలబెట్టుకుని చూపించినా. ఇది మంచిది, ఇది మంచిది, ఇది రోగం. ఇది మంచిది, ఇది రోగం, ఇది మంచిది. ఎట్లా కనుక్కున్నావత్తా అని అడిగితే, కండ్లు లేవా నీకు, చూడు, అన్నా. అంతకంటే నాకు చెప్పడం రాదు. తప్పు చెప్తే తిట్టినా, ఒప్పు చెప్తే ఊరికే ఉన్నా. ఒక పంట గడిచింది, రెండు పంటలు గడిచినాయి. మూడో పంటకు పదింటిలో ఏడు సరిగ్గా చెప్పింది. అయిదో పంటకు, నేను కళ్ళజోడు తుడుచుకునేలోపల, మూడో వరసలో ఒకటుందత్తా అనింది. పోయి చూస్తే ఉంది. ఆ పూట సంగటి ముద్దలో నెయ్యి ఇంకొంచెం వేసినా, అంతే.

ఇప్పుడు కథలోకి ఇంకొక పిల్ల వస్తుంది. పేరు నస్రీన్. పట్నంలో కాలేజీలో పెద్ద చదువు. వీపుకు ఒక సంచి, ఎండకు ఎర్రబడిన మొహం. బస్సు దిగి ఇంటింటికీ తిరిగి, ఈ ఊళ్ళో పురుగుల రోగం బాగా తెలిసినోళ్ళు ఎవరని అడిగితే అందరూ మునెమ్మ ఇల్లు చూపించినారు. మునెమ్మ అంటే ఎవరు? ఆ, నేనే.

ఆ పిల్ల చెప్పింది, ఫోనులో తట్టను చూపిస్తే రోగముందో లేదో చెప్పేటట్టు ఒకటి తయారు చేస్తున్నామవ్వా, తెలిసినోళ్ళు లేని ఊళ్ళకు పనికొస్తుంది, నీకు తెలిసింది చెప్పు, రాసుకుంటా, అని. నాకు ఎక్కడ లేని సంతోషం. కూర్చోబెట్టి మజ్జిగిచ్చి చెప్పడం మొదలుపెట్టినా.

రోగమొచ్చిన పురుగు మెరుస్తుంది అన్నా. రాసుకుంది. రాసుకున్నాక నాకే గుర్తొచ్చింది, గూడు కట్టబోయే ముందు పండిన పురుగు కూడా మెరుస్తుంది కదా. కొట్టేసింది. సరే, రోగమొస్తే అంచున తిరుగుతుంది అన్నా. రాసుకుంది. ఆకలేసిన పురుగు కూడా అంచుకు వస్తుంది కదా. కొట్టేసింది. ఉబ్బుతుంది అన్నా. బాగా తిన్న పురుగు కూడా ఉబ్బుతుంది. కొట్టేసింది. రాసింది, కొట్టేసింది, రాసింది, కొట్టేసింది. కాగితం నిండా గీతలే మిగిలినాయి. చివరకు ఆ పిల్ల కలం మూసి, నీకు తెలుసవ్వా, చెప్పడానికే రాదు, అనింది.

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా పురుగులు పెంచినదాన్ని పట్టుకుని చెప్పడం రాదంటుందా. లోపల రాగిపిండి కలుపుతున్న హేమ నవ్వింది. నవ్వి, గడప దగ్గరకు వచ్చి, మా అత్త నాకు కూడా చెప్పలేదక్కా, చూపించింది, అనింది.

ఆ మాటకు నస్రీన్ సంచి కింద పెట్టేసింది. మేము చేయాలనుకునేది కూడా అదే, అయితే మీరిద్దరూ దీనికి చూపించండి, అనింది. అక్కడి నుంచి మొదలైంది అసలు కథ. లిఖితా, ఊ ఏదీ?

వినండి ఇప్పుడు. ఫోనుకు కన్నుందా? లేదు. ముక్కుందా? లేదు. పురుగంటే ఏందో తెలుసా? తెలీదు. దానికి తెలిసింది లెక్క ఒక్కటే. ఒక బొమ్మ తీస్తే ఆ బొమ్మ దానికి చుక్కలు చుక్కలుగా ఉంటుంది, ముగ్గుకు పెట్టే చుక్కలు ఉండవా, అట్లా, కాకపోతే లక్షలు. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క అంకె. ఎంత తెలుపు, ఎంత పచ్చ, ఎంత నలుపు, అన్నీ అంకెలే. లోపల బిరడాల మాదిరివి ఉంటాయంట, పాత రేడియోకు స్టేషను తిప్పే బిరడా ఉండేది చూడండి, అట్లాంటివి లక్షలు లక్షలు. అవీ అంకెలే. బొమ్మ ఇటు నుంచి లోపలికి పోతుంది, ఆ బిరడాలన్నిటి గుండా పోయి, అటు నుంచి ఒక మాటగా వస్తుంది. రోగం, లేదా మంచిది.

మొదట్లో ఆ బిరడాలు ఎట్లంటే అట్ల ఉంటాయి. కాబట్టి అది చెప్పేది కూడా ఎట్లంటే అట్ల ఉంటుంది. బంగారం లాంటి పురుగును చూపిస్తే రోగమనింది. రోగం పురుగును చూపిస్తే మంచిదనింది. ఒకసారి నా చేయి అడ్డమొస్తే చేతికి కూడా మంచిదనింది. నేను దీనికి బుర్ర లేదు తీసకపో అన్నా. నస్రీన్ అనింది, చిన్నపిల్లలకు కూడా మొదటి రోజే రాదు కదవ్వా అని.

అది చెప్పిన ప్రతిసారీ హేమ సరైన మాట ఏందో చెప్పేది. ఫోనులో పచ్చ మీట నొక్కితే మంచిది, ఎర్ర మీట నొక్కితే రోగం. అది చెప్పిన దానికీ హేమ చెప్పిన దానికీ ఎంత తేడా ఉంటే, ఆ లెక్కకు తగినట్టు లోపలి బిరడాలు తమంతట తామే కొంచెం కొంచెం తిరుగుతాయి. కొంచెమే. చెవిపోగు మర తిప్పినంత. మళ్ళీ ఇంకో బొమ్మ.

బొమ్మ చూపె, పేరడిగె, తప్పు చెప్పె, బిరడా తిప్పె.
బిరడా తిప్పె, బొమ్మ చూపె, పేరడిగె, తప్పు చెప్పె.

ఏదీ, మీరూ అనండి నాతో. బొమ్మ చూపె, పేరడిగె, తప్పు చెప్పె, బిరడా తిప్పె. అట్లా ఎన్నిసార్లు? రెండు వేల బొమ్మలు, ఒక్కొక్కటి మళ్ళీ మళ్ళీ. నాలుగు నెలలు. మధ్యాహ్నం ఆకు వేసినాక అందరూ నడుం వాల్చేవాళ్ళు, మీ హేమత్త మాత్రం షెడ్డు గట్టు మీద కూర్చోని పచ్చ, ఎరుపు, పచ్చ, పచ్చ, ఎరుపు. తెలీనిది ఏదన్నా వస్తే లోపలికొచ్చి నన్ను లేపి అడిగేది. నేను విసుక్కుంటానే చెప్పేదాన్ని. కానీ నన్ను అడుగుతోంది చూడు అని లోపల్లోపల సంతోషం.

నాలుగు నెలలకు ఫోను సరిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. మంచి తట్ట చూపిస్తే మంచిది, రోగం తట్ట చూపిస్తే రోగం. ఊరంతా వచ్చి చూసినారు. నస్రీన్ ఊళ్ళో పది ఫోన్లలో దాన్ని వేసి, కొన్నాళ్ళు వాడి చూడండి అని చెప్పి పట్నం పోయింది. నేనైతే కళ్ళజోడు కూడా తీసి గోడ గూట్లో పెట్టేసినా. పొద్దున లేచి తట్టకొక బొమ్మ తీసేదాన్ని, మంచిదంటే ముందుకు పోయేదాన్ని. హేమ ఒకసారి అనింది, మనం కూడా ఒక కన్ను వేసి ఉంచుదామత్తా, అని. నువ్వు నేర్పినదాన్ని నువ్వే నమ్మకపోతే ఎట్లా, అన్నా నేను. ఎంత గొప్పగా అన్నానో ఆ మాట.

ఇప్పుడు రెడ్డెమ్మ సంగతి. మన షెడ్డు పక్కన రెడ్డెమ్మ, చిన్నప్ప అని మొగుడూ పెళ్ళాలు. ఆ ఏడే కొత్తగా షెడ్డు కట్టుకున్నారు. మొదటి పంట పాలరోగంతో మొత్తం పోయింది. ఇది రెండో పంట. రెడ్డెమ్మ భయంతో చిక్కి సగమైంది. రాత్రనక పగలనక ఆ తట్టల దగ్గరే. ఈ పంట కూడా పోతే షెడ్డుకు తాళమేసి, ఊరు విడిచి ఇటుకల బట్టీకి పోవడమే అని చిన్నప్ప అన్నాడు. అది బెదిరింపు కాదు, పాపం, వేరే దారి లేదు వాళ్ళకు.

పురుగులకు నాలుగుసార్లు జ్వరం వస్తుంది. నిజం జ్వరం కాదు, మన పక్క అట్లా అంటారు. పాత చొక్కా ఇరుకైతే మీరు విప్పేసి కొత్తది తొడుక్కోరా, పురుగు కూడా పాత తోలు విప్పి కొత్త తోలు తొడుక్కుంటుంది. ఆ ఒకటిన్నర రోజు ఆకు తినదు, కదలదు, తల పైకెత్తి అట్లే ఉండిపోతుంది. అప్పుడు తట్టలో తేమ ఉండకూడదని ఏదన్నా పొడి చల్లుతారు. మన ఊళ్ళో కాల్చిన వరిపొట్టు చల్లుతాం, నల్లగా ఉంటుంది. రెడ్డెమ్మ పుట్టిన ఊళ్ళో సున్నం పొడి చల్లుతారు. ఆమెకు అదే అలవాటు. నాలుగో జ్వరానికి పురుగులు కూర్చోగానే పలుచని గుడ్డలో సున్నం మూట కట్టి, తట్టలన్నిటి మీదా తెల్లగా చల్లింది. తప్పేమీ లేదు అందులో.

చల్లినాక, మనసాగక, జ్వరంలో ఎప్పుడూ చూపించనిది, ఆ రోజు ఫోను తీసి చూపించింది. రోగం, అనింది ఫోను. ఇంకో తట్ట. రోగం. ఇంకో తట్ట. రోగం. ఉన్న తట్టలన్నీ రోగమే.

ఆమె అక్కడే కూలబడిపోయింది. ఏడుపు విని నలుగురం పోయినాం. చిన్నప్ప షెడ్డు వెనక గుంత తవ్వడం మొదలుపెట్టినాడు. పాలరోగం తట్టలను గుంతలో వేసి పూడ్చాలి, లేదంటే పక్క షెడ్డుకు పాకుతుంది. పక్క షెడ్డు ఎవరిది? మనది. అందుకే నేను కూడా తొందరపెట్టినా. ఆలస్యం చేయొద్దు చిన్నప్పా, అన్నా. అతని పార విరిగితే మన పార తెచ్చి ఇచ్చింది కూడా నేనే. నవ్వకండి. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒక రకంగా ఉంటుంది.

హేమ మల్బరీ తోట నుంచి ఆకు మోపు తలమీద పెట్టుకుని వస్తా ఈ జనాన్ని చూసింది. మోపు దారిలోనే దించేసి వచ్చింది. మొదటి తట్ట అప్పటికే గుంత అంచున ఉంది. వంగి చూసింది. ఒక పురుగును అరచేతిలోకి తీసుకుని చూసింది. రెండో తట్ట చూసింది, మూడో తట్ట చూసింది. లేచి నిలబడి, ఇవి జ్వరంలో ఉండాయి, రోగం లేదు, అనింది.

అందరూ ఫోను వైపు చూసినారు. అది పదహైదు రోజులుగా ఏ ఇంట్లోనూ తప్పు చెప్పలేదు మరి. చిన్నప్ప అన్నాడు, అమ్మా, పోయినసారి కూడా ఏం కాదులే అనుకునే మునిగిపోతిమి, అని. ఇంకెవరో, ఫోను కంటే నీకెక్కువ తెలుసునా అన్నారు. నాకు సిగ్గేసింది, నలుగురిలో కోడలు ఎదురు మాట్లాడుతోందని. పక్కకు రా హేమా, మన షెడ్డుకు అంటుకుంటే ఎవరు దిక్కు, అన్నా.

పెళ్ళయి ఆరేళ్ళలో ఆ పిల్ల నా మాటకు ఎదురు చెప్పలేదు. ఆ రోజు గుంతకూ తట్టకూ మధ్యన నిలబడి చెప్పింది.

"అత్తా, ఒక్క పూట ఆగు. దానికి చూపించింది నేను. అది ఏం చూస్తోందో నన్ను కనుక్కోనీ."

గట్టిగా కూడా చెప్పలేదు. మెల్లగా చెప్పింది. కానీ చిన్నప్ప పార ఆపేసినాడు.

తర్వాత ఏం చేసింది? మన ఇంట్లోకి పోయి ఖాళీ తట్ట ఒకటి తెచ్చింది. కడిగి ఎండబెట్టిన తట్ట. దారిలో దించిన మోపులో నుంచి నాలుగు ఆకులు తీసి దాంట్లో పరిచింది. పురుగు? ఒక్కటి కూడా లేదు. ఆ తట్టను ఫోనుకు చూపించింది. మంచిది, అనింది ఫోను. అప్పుడు రెడ్డెమ్మ సున్నం మూట అడిగి తీసుకుంది. ఆ ఆకుల మీద రెండుసార్లు తట్టింది. తెల్లగా పడింది. మళ్ళీ ఫోనుకు చూపించింది.

రోగం, అనింది ఫోను.

పురుగే లేని తట్ట. ఉత్త ఆకు, ఉత్త సున్నం. రోగమంట. చిన్నప్ప వచ్చి తనే ఇంకోసారి చూపించుకున్నాడు. రోగం. పిడికెడు సున్నం రాయి మీద చల్లి చూపించినాడు. రోగం.

"ఇది పురుగును చూడలేదు," అనింది హేమ. "సున్నాన్ని చూసింది."

ఎట్లా జరిగిందో అర్థమైందా? కాలేదా, చెప్తా. కీర్తనా, నువ్వు ఒకటో తరగతిలో పుస్తకం గడగడా చదివేదానివి. మేమంతా అబ్బో అనుకున్నాం. ఒకరోజు నేను పాఠం మీది బొమ్మను చేత్తో మూసినా. ఒక్క అక్షరం చదవలేకపోయినావు. బొమ్మ చూసి పాఠం అప్పజెప్పేదానివి, అక్షరాలు చూడనే లేదు. నువ్వు మోసం చేయలేదు. సులువుగా ఉన్నది పట్టుకున్నావు. ఫోను కూడా అంతే. గణుపుల ఉబ్బు చూడ్డం కష్టం, తెలుపు చూడ్డం సులువు. మనింట్లో రోగం కనిపించిన తట్టకు, గుంతకు పోయేలోపల పక్కకు పాకకుండా, వెంటనే సున్నం చల్లేవాళ్ళం. చల్లినాకే హేమ బొమ్మ తీసేది. మంచి తట్టలకు సున్నముండదు. కాబట్టి దాని లెక్కలో తెల్లగా ఉంటే రోగం, లేకపోతే మంచిది. మన ఊరి అలవాటుకు ఆ లెక్క తప్పినట్టు అప్పటిదాకా ఎవరికీ కనపడలేదు. రెడ్డెమ్మ ఇంట్లో తప్పింది.

తట్టలన్నీ మళ్ళీ షెడ్డులో పెట్టినారు. గుంత అట్లే ఉంచినారు, నమ్మకం ఇంకా పూర్తిగా రాలేదు మరి. మూడో రోజు పొద్దున పోతే ఏం వినిపించిందో తెలుసా? వాన. ఆకాశంలో మబ్బు లేదు, షెడ్డులో వాన. పాత తోలు విప్పేసిన పురుగులన్నీ లేచి ఆకు తింటున్నాయి. అన్ని వేల నోళ్ళు ఒక్కసారి ఆకు కొరికితే చినుకులు పడినట్టే ఉంటుంది. రెడ్డెమ్మ గుమ్మంలో నిలబడి వింటా ఉంది. హేమను చూసి దగ్గరకొచ్చి చేయి పట్టుకుంది. చిన్నప్ప గుంత పూడ్చేసినాడు.

ఇక్కడితో అయిపోలేదు. ఊ కొడుతున్నారా?

ఖాళీ తట్టకు రోగమని చెప్పిన రోజు సాయంత్రమే హేమ మన షెడ్డులోకి పోయింది. సున్నం ఉంటేనే రోగమంటుందంటే, సున్నం లేని రోగాన్ని ఏమంటుంది అని ఆ పిల్లకు అనుమానం. తట్ట తట్టా చూసుకుంటా వచ్చింది. ఆరో వరసలో, కింది తట్టలో, అంచున నాలుగు పురుగులు. ఉబ్బి, మెరుస్తా, తిరుగుతా. అదే తట్టకు పొద్దున నేను బొమ్మ తీస్తే ఫోను మంచిదనింది. నేను కూడా మంచిదనుకున్నా. పదహైదు రోజులుగా కళ్ళజోడు గూట్లో పెట్టి కూర్చున్నదాన్ని కదా.

ఆ తట్టను, దాని పక్క రెండింటినీ తీసేసినాం. మిగిలిన పంట నిలిచింది. ఒక్క రోజు ఆలస్యమైతే నిలిచేది కాదు. హేమ నన్ను ఒక్క మాట అనలేదు. నేనే పోయి గూట్లో కళ్ళజోడు తెచ్చుకుని, తుడుచుకుని, ఆమె పక్కన నిలబడి చివరి వరస దాకా చూసినా.

కబురు పోయిన రెండో రోజుకే నస్రీన్ వచ్చింది. హేమ నొక్కిన రెండు వేల బొమ్మలూ తన కంప్యూటరులో పక్కపక్కన పెట్టి చూసింది. ఎర్ర మీట నొక్కినవన్నీ తెల్లగా ఉన్నాయి. పచ్చ మీట నొక్కినవాటిలో తెలుపు లేదు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. హేమ అనింది, తప్పు నాదక్కా, ముందు సున్నం చల్లి తర్వాత బొమ్మ తీసినా, బొమ్మ కోసం ఆగి పక్క పురుగులను చావనియ్యలేక, అని. నస్రీన్ తల అడ్డంగా ఊపింది. నువ్వు చేయాల్సిందే చేసినావు, ఈ బొమ్మలను ఇట్లా పరుచుకుని నేను ముందే చూడాల్సింది, చూడలేదు, అనింది. ఇద్దరూ తప్పు నాదంటే నాదని వాదులాడుకున్నారు. ఎక్కడన్నా చూసినారా ఇట్లాంటి తగువు? నేను మజ్జిగిచ్చి ఆపినా.

తర్వాత మళ్ళీ మొదటి నుంచి. బొమ్మ చూపె, పేరడిగె, తప్పు చెప్పె, బిరడా తిప్పె. ఈసారి మాత్రం రోగం పురుగును సున్నం చల్లకముందే బొమ్మ తీసినారు. మంచి పురుగుకు సున్నం చల్లి తీసినారు. వరిపొట్టు చల్లి తీసినారు, ఏమీ చల్లకుండా తీసినారు. కొత్త తట్టలో, పాత తట్టలో, పొద్దుటి ఎండలో, ట్యూబులైటు కింద. చారలున్న పురుగు, చారల్లేని పురుగు, జ్వరంలో పురుగు, జ్వరం దిగిన పురుగు, పండిన పురుగు. మన ఊరొక్కటే చూపిస్తే దానికి మన ఊరే తెలుస్తుందని, రెడ్డెమ్మ పుట్టిన ఊరికి పోయినారు, ఇంకా నాలుగు ఊళ్ళు తిరిగినారు. కొన్ని బొమ్మలను దానికి చూపించకుండా విడిగా దాచినారు. నేర్చుకున్నాక వాటితోనే పరీక్ష. మీ బడిలో కూడా నోట్సులో ఉన్న లెక్కే పరీక్షలో ఇస్తే వచ్చిందో రాలేదో ఎట్లా తెలుస్తుంది?

ఇంకొకటి కూడా హేమే అడిగింది. నస్రీనక్కా, దీనికి రెండే మాటలు నేర్పినాం, మంచిది, రోగం అని, తెలీనప్పుడు పాపం ఏం చెప్తుంది, ఏదో ఒకటి అనేస్తుంది, మూడో మాట నేర్పుదాం, నాకు తెలీదు అనే మాట. మా అత్త కూడా తెలీనప్పుడు తెలీదనే చెప్తుంది, అనింది. నేను ఎప్పుడూ అట్లా చెప్పినదాన్ని కాదు. ఊరికే నా పరువు నిలబెట్టింది.

అట్లా ఫోను మూడో మాట నేర్చుకుంది. ఇప్పుడు ఎవరన్నా బొమ్మ చూపిస్తే, నమ్మకం కుదిరితే చెప్తుంది. కుదరకపోతే, నాకు తెలియడం లేదు, ఈ నంబరుకు ఫోను చేసి అడగండి అని ఒక నంబరు చూపిస్తుంది. ఎవరి నంబరు? మీ హేమత్తదే. లోపల ఎవరన్నా కూర్చోనుంటారా అని అడిగినావు కదా లిఖితా. ఎవరూ కూర్చోలేదు. కూర్చోని నేర్పించినోళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళు బాగా చూపిస్తే అది బాగా చెప్తుంది, వాళ్ళు చూపించనిది దానికి తెలీదు. ఎంత తెలివైన యంత్రమని ఎవరు చెప్పినా, దానికి ఎవరు నేర్పినారు, ఏం చూపించినారు అని ఒక మాట అడగండి. అది చెప్పినాక మీరు కూడా ఒక కన్ను వేసి చూడండి. నేను చూడక, పక్కింటి పంటను గుంతలో వేయించబోయినా.

రెడ్డెమ్మకు ఆ పంట ఎట్లా పండిందనుకున్నారు? గూళ్ళు కట్టించే వెదురు చంద్రికలు చాలక మన ఇంటివి ఇచ్చినాం. తెల్లగా, గట్టిగా, గులకరాళ్ళ మాదిరి గూళ్ళు. ఇటుకల బట్టీ మాట మళ్ళీ చిన్నప్ప ఎత్తలేదు.

పోయిన ఎండాకాలం ఒకాయన వచ్చినాడు. కుప్పం అవతల నుంచి, రెండు బస్సులు మారి. తల మీద తువ్వాలు, చేతిలో అరటిపండ్లు. మన వాకిట్లో నిలబడి, అమ్మా, ఫోనుకు పురుగును చూడ్డం నేర్పిన టీచరమ్మ ఇల్లు ఇదేనా, అని అడిగినాడు. ఆయన పంట కూడా అట్లాగే గుంత దాకా పోయి నిలిచిందంట. ఫోను తెలీదంటే హేమకు ఫోను చేసినాడంట, ఆమె మాటల్లోనే అన్నీ అడిగి, ఇది రోగం కాదు, పురుగు పండుతోంది, చంద్రికలు సిద్ధం చేసుకోండని చెప్పిందంట. ఒకసారి కండ్లారా చూసి పోదామని వచ్చినాడు.

హేమ అప్పుడు తోటలో ఆకు కోస్తోంది. కబురంపి పిలిపించొచ్చు. నేను పిలిపించలేదు. రా నాయినా, చూపిస్తా, అని చెప్పులేసుకుని ఆ ఎండలో ఆయన ముందర నేనే నడిచినా. మోకాళ్ళ నొప్పి ఆ రోజు ఏమైందో తెలీదు. దారిలో ఎదురైన ప్రతి ఒక్కరికీ ఆగి చెప్పినా, ఈయన కుప్పం అవతల నుంచి వచ్చినాడు, మా కోడలిని చూడ్డానికి, అని. అడిగినోళ్ళకూ చెప్పినా, అడగనోళ్ళకూ చెప్పినా. తోట గట్టు మీద నిలబడి పిలిచినా.

"హేమా, నీకోసం వచ్చినారు చూడు."

ఆ పిల్ల కొడవలి పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటా వచ్చింది. ఆయన చేతులెత్తి దండం పెట్టినాడు. హేమ సిగ్గుపడి, నాదేముందయ్యా, నేర్పించింది మా అత్త, అనింది.

నేనేం చేసినానో తెలుసా? అటు తిరిగి మల్బరీ చెట్లు ఎంత ఎత్తు పెరిగినాయో చూస్తా నిలబడినా.

అంతే పిల్లలూ. రెడ్డెమ్మ చల్లగా ఉంది, చిన్నప్ప చల్లగా ఉన్నాడు, నస్రీన్ ఇప్పుడు టమోటా తెగులు చూపించమని హేమ పుట్టింటికి పోతోంది, మనమూ చల్లగా ఉన్నాం. మన గూళ్ళు దారమై, దారం చీరలై కంచికి పోయినాయి, వాటి వెనకే మన కథ కూడా కంచికి పోయింది. మనమెక్కడికీ పోనక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాం. కాళ్ళ మీదికి దుప్పటి లాక్కోండి.